కాళ్ళు లేనివన్నీ పాములేనా?

మన తెలుగు భాషలో "పాము" అనే మాట చాలా విశాలమైనది. నాగుపాము పామే. వర్షం పడితే బయటికొచ్చేది వానపాము. కడుపులో పడేవి ఏలికపాములు. చెరువు బురదలో దొరికే చేప మలుగుపాము. గోడ పక్కన, గడ్డిలో నిగనిగలాడుతూ తుర్రుమనే నాలుగు కాళ్ళ ప్రాణిని కూడా మన పల్లెల్లో నలికండ్లపాము అంటారు. పొడుగ్గా, నున్నగా, మెలికలు తిరిగే ప్రతిదానికీ మన పెద్దలు ఈ ఒక్క పేరే పెట్టేశారు. పేరు పెట్టడంలో తప్పులేదు. కానీ ఆ పేరు వినగానే చేతికి కర్ర అందుకోవడం దగ్గరే చిక్కంతా వస్తోంది.

నిజానికి పైన చెప్పిన అయిదింటిలో అసలు పాము ఒక్కటే. మిగతావాటిలో ఒకటి వలయాల జీవి, ఒకటి గుండ్రటి పురుగు, ఒకటి చేప, ఒకటి బల్లి జాతిది. ఇవి చాలవన్నట్టు కాళ్ళు పూర్తిగా పోగొట్టుకుని, అచ్చం పాములాగే కనిపించే బల్లులు కూడా లోకంలో ఉన్నాయి. అవి ఎక్కడో ఆఫ్రికాలోనో, అమెరికాలోనో మాత్రమే కాదు, మన తూర్పు కనుమల్లోనే ఉన్నాయి. "కాళ్ళు లేవు గనుక పాము" అనే లెక్క ఎందుకు తప్పో, మరి దేన్ని చూసి పామును గుర్తుపట్టాలో, అది తెలిస్తే మన హాస్టల్ విద్యార్థులకు ఒరిగేదేమిటో ఈ వ్యాసంలో వివరించే ప్రయత్నం చేస్తున్నాం.

నలికిరి కుటుంబంలో మూడు మెట్లు

ముందు అందరూ చూసిన ప్రాణితో మొదలుపెడదాం. నలికిరి, నలికండ్లపాము అని మనం పిలిచేది "స్కింక్" అనే బల్లుల కుటుంబానికి చెందింది. ప్రపంచంలో ఈ కుటుంబంలో 1,700కు పైగా జాతులున్నాయి. వీటి పొలుసులు నున్నగా, చేప పొలుసుల్లాగా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. అందుకే ఎండలో నూనె రాసినట్టు మెరుస్తాయి. ఆ మెరుపును చూసే మనవాళ్ళు దాన్ని పాముల్లో కలిపేశారు. మన దేశంలోని నలికిరులలో ఒక్కదానికి కూడా విషం లేదు. అవి తినేది చెదలు, మిడతలు, సాలీళ్ళు, పురుగులు.

ఈ కుటుంబాన్ని మూడు మెట్లుగా చూడవచ్చు.

మొదటి మెట్టు మీద ఉన్నది మన హాస్టల్ ఆవరణల్లో, చేలగట్ల మీద సాధారణంగా కనిపించే గోధుమరంగు నలికిరి. శాస్త్రీయ నామం యూట్రోపిస్ కారినేటా. దీనికి నాలుగు కాళ్ళూ చక్కగా ఉంటాయి. కాళ్ళకు అయిదేసి వేళ్ళుంటాయి.

రెండో మెట్టు మీద ఉన్నది రియోపా పంక్టేటా. ఇది సన్నగా, పొడుగ్గా ఉంటుంది. పిల్లగా ఉన్నప్పుడు తోక ఎర్రగా ఉంటుంది. దీనికి కూడా నాలుగు కాళ్ళున్నాయి గానీ అవి చాలా చిన్నవి. ముందు కాళ్ళకూ వెనక కాళ్ళకూ మధ్య దూరం ఎక్కువ. తొందరగా పారిపోవాల్సి వస్తే ఆ కాళ్ళను ఒంటికి ఆనించుకుని పాములాగా మెలికలు తిరుగుతూ పోతుంది. రాలిన ఆకుల కింద, రాళ్ళ కింద, పెంకుల కుప్పల్లో ఉంటుంది. ఒక్క క్షణం మాత్రమే చూసినవాళ్ళు "పాముపిల్ల" అని ఒట్టేసి చెబుతారు. ఇంగ్లీషులో దీన్ని "స్నేక్ స్కింక్" అనడానికీ అదే కారణం.

మూడో మెట్టు మీద ఉన్న నలికిరులకు కాళ్ళే లేవు. బార్కుడియా, సెప్సోఫిస్ అనేవి ఇలాంటి రెండు ప్రజాతులు. రెండూ తూర్పు కనుమలు, వాటిని ఆనుకున్న తీరానికి చెందినవే. ప్రపంచంలో మరెక్కడా లేవు. పైకి చూస్తే వీటికీ చిన్న పాముకీ, లావు వానపాముకీ తేడా తెలియదు. పొలుసులు, పుర్రె, లోపలి ఎముకలు చూస్తే మాత్రం నలికిరికి అన్నదమ్ములే.

మన కొండల్లోని కాళ్ళులేని బల్లుల కథ

ఈ కథ 1780వ దశకంలో విశాఖపట్నంలో మొదలవుతుంది. ప్యాట్రిక్ రసెల్ అనే స్కాట్లాండు వైద్యుడు అక్కడ ఉంటూ కోరమాండల్ తీరంలోని పాములను సేకరించాడు. విషమున్న పామేదో, లేనిదేదో జనానికి తెలియాలన్నది ఆయన ఉద్దేశం. 1796లో లండన్‌లో ఆయన పుస్తకం రంగుల బొమ్మలతో అచ్చయింది. అందులో చాలా పాములకు స్థానికులు చెప్పిన తెలుగు పేర్లనే ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు. రక్తపింజరకు ఆయన రాసుకున్న పేరు "కాటుకరేకుల పొడ". తర్వాత ఆ పాముకు ఇంగ్లీషులో ఆయన పేరే పెట్టారు.

అయితే ఆ పాముల బొమ్మల మధ్యలో పాము కానిది కూడా ఒకటి చేరింది. ఆ బొమ్మ ఆధారంగా 1801లో ష్నైడర్ అనే జర్మన్ శాస్త్రవేత్త దానికి పేరు పెట్టాడు. అదే నేడు మనం బార్కుడియా మెలనోస్టిక్టా అంటున్న కాళ్ళులేని బల్లి. పాములను వేరుచేసి చెప్పాలని పూనుకున్న పండితుడి పుస్తకంలోనే ఒక బల్లి పాముగా చలామణి అయిందంటే, మన ఊళ్ళో జనం పొరబడటంలో ఆశ్చర్యమేముంది?

1870లో మద్రాసు అటవీశాఖ అధికారి రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ మరో కాళ్ళులేని నలికిరిని వర్ణించాడు. దాని పేరు సెప్సోఫిస్ పంక్టేటస్. అది దొరికిన చోటును ఆయన "గోల్కొండ కొండలు" అని రాశాడు. హైదరాబాదులోని గోల్కొండ కోట అనుకునేరు! అది నర్సీపట్నం దగ్గరి గొలుగొండ. పాత ఇంగ్లీషు రాతల్లో ఆ పేరు అలా మారిపోయింది. మన భద్రాచలం దాటి చింతూరు, మారేడుమిల్లి, చింతపల్లి వైపు సాగే అడవి ఆ కొండల దిక్కుకే పోతుంది. బెడ్డోమ్ వర్ణనకు ఆధారం ఒకే ఒక్క నమూనా. ఆ తర్వాత నూరేళ్ళకు పైగా ఆ జీవి శాస్త్రవేత్తల కంట పడలేదు. చివరికి మన దేశపు పరిశోధకులు తూర్పు కనుమల్లో దాన్ని మళ్ళీ కనుగొని, 2013లో దాని రూపం, నివాసం గురించి వివరంగా ప్రచురించారు.

మధ్యలో 1917లో నెల్సన్ అనండేల్ మరో జీవిని ప్రకటించాడు. ఆయన 1916లో ఏర్పడిన భారత జంతు సర్వేక్షణ సంస్థకు మొదటి డైరెక్టరు. ఒడిశాలోని చిలికా సరస్సులో బార్కుడా అనే చిన్న దీవి ఉంది. అక్కడి మట్టిలో ఈ కాళ్ళులేని బల్లి దొరికింది. దీవి పేరు మీద దానికి బార్కుడియా ఇన్సులారిస్ అని పేరు పెట్టాడు. విశాఖ ప్రాంతపు పాత బల్లిని కూడా తర్వాత ఇదే ప్రజాతిలో చేర్చారు.

ఇవి ఇంత అరుదుగా కనిపించడానికి వాటి జీవన విధానమే కారణం. పగలూ రాత్రీ వదులు మట్టిలో, చెట్ల వేళ్ళ దగ్గర, పెద్ద రాళ్ళ కింద, కుళ్ళిన ఆకుల పొరల్లో ఉంటాయి. పార తగిలితేనో, రాయి దొర్లిస్తేనో బయటపడతాయి. బయటపడ్డ మరుక్షణం "పాము" అనే కేక వినిపిస్తుంది. ఆ తర్వాత ఏం జరుగుతుందో మీకు తెలుసు.

కాళ్ళు ఎందుకు పోయాయి?

"వాడకపోతే పోతాయి" అని చాలామంది అంటారు. ఇది లామార్క్ చెప్పిన పాత వాదం. పరీక్షలో అలా రాస్తే మార్కులు పోతాయి. ఒక బల్లి తన జీవితకాలంలో కాళ్ళు వాడనంత మాత్రాన దాని పిల్లలు కాళ్ళు లేకుండా పుట్టవు.

జరిగేది ఇది. వదులు మట్టిలో, దట్టమైన గడ్డిలో దూరి బతికే బల్లికి కాళ్ళు అడ్డం తగులుతాయి. పుట్టుకతో వచ్చే చిన్న చిన్న తేడాల వల్ల కొన్నింటికి కాళ్ళు కాస్త పొట్టిగా, ఒళ్ళు కాస్త పొడుగ్గా ఉంటుంది. అవి సులువుగా దూరి శత్రువు నుంచి తప్పించుకుంటాయి, ఎక్కువ పిల్లల్ని కంటాయి. తరతరాలుగా ఇదే జరిగితే పొట్టి కాళ్ళవే మిగులుతాయి. చివరికి కాళ్ళే ఉండవు. దీన్నే డార్విన్ ప్రకృతి వరణం అన్నాడు.

ఇది ఒక్కసారి జరిగిన వింత కాదు. బల్లుల చరిత్రలో కాళ్ళు పోవడం, దాదాపుగా పోవడం వేర్వేరు కుటుంబాల్లో విడివిడిగా 25 సార్లకు పైగానే జరిగింది. యూరప్‌లోని "స్లో వర్మ్" ఒక కాళ్ళులేని బల్లి. మన దేశంలోనే డార్జిలింగ్, మేఘాలయ వైపు "గ్లాస్ లిజర్డ్" ఉంది. దాని పొడవులో ఎక్కువ భాగం తోకే. ఆస్ట్రేలియాలో లెరిస్టా అనే నలికిరులు 90కి పైగా జాతులున్నాయి. వాటిలో అయిదు వేళ్ళవి, మూడు వేళ్ళవి, ఒక్క వేలువి, అసలు కాళ్ళే లేనివి అన్నీ కనిపిస్తాయి. అయిదు వేళ్ళ కాలు పూర్తిగా మాయం కావడానికి ఒక శాఖలో 36 లక్షల సంవత్సరాలకు మించి పట్టలేదని 2008లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. భూమి వయస్సుతో పోలిస్తే అది రెప్పపాటు కాలమే.

మరి పాముల సంగతి? పాములు కూడా బల్లుల వంశంలోంచి వచ్చినవే. కొండచిలువ తోక మొదట్లో మలద్వారానికి రెండు పక్కలా చిన్న గోళ్ళలాంటివి ఉంటాయి. అవి పోయిన వెనక కాళ్ళ గుర్తులు. అర్జెంటీనాలో దొరికిన, సుమారు తొమ్మిది కోట్ల ఏళ్ళ నాటి నజాష్ అనే పాము శిలాజానికి వెనక కాళ్ళున్నాయి. దాన్ని 2006లో ప్రకటించారు. కాళ్ళు పెరగడానికి ఆజ్ఞ ఇచ్చే డి.ఎన్.ఏ. భాగం ఒకటి పాముల్లో పాడైపోయింది. 2016లో ఆ పాము డి.ఎన్.ఏ. భాగాన్ని ఎలుకల్లో పెట్టి చూస్తే వాటి కాళ్ళు మొండిగా మిగిలిపోయాయి.

అంటే కాళ్ళు లేకపోవడం అనేది ఒక వంశానికి గుర్తు కాదు, ఒక బతుకు తీరుకు గుర్తు. మట్టిలో, గడ్డిలో బతికే ఎన్నో వంశాలు అదే దారి పట్టాయి. కాబట్టి కాళ్ళు లెక్కపెట్టి పామా కాదా అని తేల్చలేం.

మరి దేన్ని చూడాలి?

కింది గుర్తులన్నీ జీవశాస్త్ర పుస్తకాల్లో ఉన్నవే. మన చుట్టూ ఉన్న ప్రాణులతో కలిపి చెబుతున్నాం.

1. కనురెప్పలు: పాముకు రెప్పలుండవు. కంటిమీద అద్దంలాంటి పొలుసు ఒకటి కప్పి ఉంటుంది. కుబుసంతో పాటు అది కూడా ఊడి వస్తుంది. కుబుసం దొరికితే తల భాగం చూడండి, కళ్ళజోడులాగా కనిపిస్తుంది. నలికిరికి రెప్పలుంటాయి, ఆర్పుతుంది. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. మన గోడమీది బల్లికి కూడా కదిలే రెప్పలు లేవు. అది నాలుకతో కళ్ళు తుడుచుకుంటుంది. కనుక రెప్ప ఆర్పితే పాము కాదని చెప్పవచ్చు గానీ, ఆర్పనంత మాత్రాన పాము అని చెప్పలేం.

2. చెవి రంధ్రం: నలికిరి కంటి వెనక, దవడ చివర చిన్న రంధ్రం ఉంటుంది. పాముకు బయటికి చెవి రంధ్రం ఉండదు. మట్టిలో బతికే బార్కుడియాకు ఈ రంధ్రం సూదిమొనంత మాత్రమే.

3. నాలుక: పాము నాలుక సన్నగా, లోతుగా చీలి ఉంటుంది. నోరు తెరవకుండానే బయటికీ లోపలికీ ఆడిస్తుంది. నలికిరి నాలుక వెడల్పుగా, కండగా, చివర కాస్త నొక్కు పడినట్టు ఉంటుంది. దీనికీ మినహాయింపు ఉంది. ఉడుము బల్లి జాతిదే అయినా దాని నాలుక పాము నాలుకలాగే చీలి ఉంటుంది.

4. పొట్ట పొలుసులు: నాగుపాము, జెర్రిపోతు, కట్లపాము వంటి చాలా పాముల పొట్టకింద అడ్డంగా పట్టీల్లాంటి వెడల్పు పొలుసులు ఒకే వరుసలో ఉంటాయి. నలికిరి పొట్టమీద చిన్న చిన్న పొలుసులు చాలా వరుసల్లో ఉంటాయి.

5. తోక: తోక అంటే మలద్వారం తర్వాతి భాగం. పాములో అది మొత్తం పొడవులో చిన్న భాగమే. చాలా బల్లుల్లో అది పెద్ద భాగం. ఆపద వస్తే నలికిరి తోకను తెంచుకుని పోతుంది. తెగిన తోక కాసేపు ఎగిరెగిరి పడుతుంది. శత్రువు దాన్ని చూస్తుండగా అసలు ప్రాణి తప్పించుకుంటుంది. తర్వాత కొత్త తోక మొలుస్తుంది. పాముకు తోక తెగితే మళ్ళీ రాదు.

6. దవడలు, ఎముకలు: ఇది బయటికి కనిపించని తేడా. చాలా పాముల కింది దవడ రెండు భాగాలూ ముందువైపు అతుక్కుని ఉండవు, సాగే బంధనాలతో (లిగమెంట్లతో) కలిసి ఉంటాయి. అందుకే తన తలకంటే లావైన కప్పను మింగగలుగుతుంది. బల్లికి ఆ వీలు లేదు. ఇక కాళ్ళులేని బల్లిని కోసి చూస్తే భుజం ఎముకల అవశేషాలు లోపల ఉంటాయి. పాముల్లో భుజం ఎముక ఆనవాలు కూడా ఉండదు.

ఈ ఆరింటిలో ఏ ఒక్క గుర్తూ సొంతంగా సరిపోదు. రెండు మూడు కలిపి చూస్తేనే తేలుతుంది. వైద్యుడు ఒక్క లక్షణం చూసి రోగం చెప్పడు కదా.

వానపాము సంగతి

వానపామును, అంటే చేపలకు గాలం వేసేవాళ్ళు చెప్పే ఎర్రను, పాముతో కలపడం పేరువల్ల వచ్చిన చిక్కే. పాముకు వెన్నెముక ఉంది. మన వెన్నులో 33 పూసలుంటే, చాలా పాముల్లో 200 నుంచి 400 దాకా ఉంటాయి. వానపాములో ఎముక అనేదే లేదు. ఒళ్ళంతా ఉంగరాలు పేర్చినట్టు వలయాలుంటాయి. పొలుసులుండవు. చర్మం ఎప్పుడూ తడిగా, జిగటగా ఉంటుంది, ఆ తడి చర్మంతోనే ఊపిరి పీలుస్తుంది. కళ్ళు లేవు. ఆడ, మగ అవయవాలు రెండూ ఒకే జీవిలో ఉంటాయి.

కదలికలో కూడా తేడా స్పష్టం. వానపాము సాగుతుంది, ముడుచుకుంటుంది, మళ్ళీ సాగుతుంది. పాము, కాళ్ళులేని బల్లి పొడవు మారకుండా పక్కలకు మెలికలు తిరుగుతాయి. దూరం నుంచి చూసినా ఈ తేడా పట్టుకోవచ్చు.

గుడ్డిపాము, రెండు తలల పాము

పైన చెప్పిన గుర్తులకు పెద్ద పరీక్ష మన స్నానాల గదుల్లోనే ఉంది. వానాకాలంలో తూముల్లోంచి, పూలకుండీల కిందనుంచి నల్లగా, దారంలాగా సన్నని ప్రాణి బయటికొస్తుంది. కొందరు వానపాము అంటారు, కొందరు పాముపిల్ల అంటారు. అది గుడ్డిపాము. పెద్దదైనా జానెడుకు మించదు. ఇది వానపాము కాదు, ఎందుకంటే ఒంటిమీద పొలుసులున్నాయి, పొడిగా మెరుస్తుంది, చిన్న నాలుక ఆడిస్తుంది. పాముపిల్ల కూడా కాదు, దాని పూర్తి సైజే అంత. ఇది నిజమైన పామే గానీ పొట్టకింద వెడల్పు పట్టీలుండవు. కళ్ళు పొలుసు కింద రెండు చుక్కల్లా ఉంటాయి. చీమల, చెదల గుడ్లూ పిల్లలూ దీని ఆహారం. విషం లేదు. వీటిలో అన్నీ ఆడవే, మగ తోడు లేకుండానే గుడ్లు పెడతాయి. ఒక్కటి చేరితే చాలు సంతతి పెరుగుతుంది. అందుకే పూలకుండీల మట్టితో పాటు ఓడలెక్కి ప్రపంచమంతా వ్యాపించింది.

రెండు తలల పాముకు కూడా రెండు తలలుండవు. దాని తోక మొద్దుగా, తలలాగా ఉంటుంది. ఆపదలో తల దాచుకుని తోక చూపిస్తుంది. ఆరునెలలు ఒకవైపు, ఆరునెలలు మరోవైపు నడుస్తుందన్నది కట్టుకథ. అదృష్టం తెస్తుందనీ, లక్షలు పలుకుతుందనీ నమ్మించే దళారులు పల్లెల్లో తిరుగుతుంటారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, అమ్మడం నేరం. డబ్బు మాట దేవుడెరుగు, దొరికితే జైలు. అడవి అంచున ఉన్న మన ఊళ్ళ యువకులు ఈ ఉచ్చులో పడకుండా చెప్పాల్సిన బాధ్యత చదువుకున్న మనదే.

తూర్పు కనుమల్లో కాళ్ళులేని ఉభయచరాలు కూడా ఉన్నాయి. ఇవి కప్పలకు దూరపు బంధువులు. ఒళ్ళు తడిగా, వానపాములా వలయాలతో ఉంటుంది గానీ లోపల వెన్నెముక, నోట్లో పళ్ళు ఉంటాయి. వీటిలో ఒక కొత్త జాతిని 2013లో ఒడిశా కొండల నుంచి ప్రకటించి గెజెనియోఫిస్ ఓరియెంటాలిస్ అని పేరు పెట్టారు. ఒకే కనుమల్లో చేప కాని, పాము కాని, పురుగు కాని ఇన్ని పొడుగు ప్రాణులు ఉన్నాయన్నమాట.

ఇదంతా మనకెందుకు?

జువాలజీ చదివిన వాళ్ళం గనుక సెలవులకు ఊరెళితే మమ్మల్ని అందరూ అడిగేది ఒకటే ప్రశ్న: "ఇది విషప్పురుగా, కాదా?" సరదా ప్రశ్నలా కనిపించినా దీని వెనక ప్రాణాలున్నాయి.

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. అంటే ఏడాదికి సగటున 58 వేల మంది. ఎక్కువ మరణాలున్న ప్రాంతాల్లో మన తెలుగు నేల కూడా ఉంది. చనిపోయేవాళ్ళలో ఎక్కువమంది పల్లెల్లో చేలల్లో పనిచేసేవాళ్ళు. తెల్లవారుజామున ఇప్పపూలు ఏరేవాళ్ళు, ఎండాకాలంలో తునికాకు కోసేవాళ్ళు, రాత్రి మిర్చి కల్లం దగ్గర కాపలా పడుకునేవాళ్ళు, అంటే మన అమ్మానాన్నలే.

తెలియకపోవడం వల్ల రెండు రకాల నష్టం జరుగుతోంది. ఒకటి, ఏ హానీ చేయని నలికిరిని, గుడ్డిపామును, ఎలుకలు తినే జెర్రిపోతును కొట్టి చంపుతున్నాం. రెండోది ఇంకా ప్రమాదం. "చిన్నదే కదా, వానపామే కదా" అని కట్లపాము పిల్లను కాలితో తోసేస్తున్నాం. నల్లటి ఒంటిమీద తెల్లటి సన్నని అడ్డగీతలుండే కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. నేలమీద పడుకున్నవాళ్ళను కరుస్తుంది. దాని కాటు నొప్పి తెలియదు, వాపు పెద్దగా రాదు. దోమో చీమో అనుకుని పడుకుంటారు. తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం, ఊపిరి ఆడకపోవడం.

మన పల్లెల్లో పాము పేరెత్తకూడదని "ఏదో పురుగు ముట్టింది" అంటారు. ఆసుపత్రిలో మాత్రం ఆ మాట చాలదు. పాము అని అనుమానముంటే స్పష్టంగా పాము అనే చెప్పాలి.

కాబట్టి ఈ వ్యాసంలోని గుర్తులు దగ్గరికెళ్ళి పట్టుకుని చూడటానికి కాదని మరీ మరీ చెబుతున్నాం. నాలుగడుగుల దూరం నుంచి చూడండి. ఏదో తేలకపోతే విషమున్నదనే అనుకుని తప్పుకోండి. తప్పుకోవడం వేరు, చంపడం వేరు. దానికి దారి వదిలితే అదే పోతుంది.

హాస్టల్ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు కొన్ని జాగ్రత్తలు:

• నేలమీద పడుకునేవాళ్ళు దోమతెర కట్టుకుని, దాని అంచులు పరుపు కిందికి గానీ చాప కిందికి గానీ దోపాలి.

• రాత్రి బయటికెళ్ళేటప్పుడు టార్చి వెలుగులో అడుగు వేయాలి. చెప్పులు దులిపి తొడుక్కోవాలి.

• వంటగది వెనక అన్నం, కూరగాయల చెత్త పేరుకోనివ్వకూడదు. చెత్తకు ఎలుక, ఎలుకకు పాము వస్తుంది.

• కట్టెల కుప్ప, ఇటుకల కుప్ప పడకగది గోడకు ఆనించి పెట్టకూడదు.

• ఎవరినైనా పాము కరిస్తే కోయడం, పీల్చడం, గట్టిగా తాడు బిగించడం చేయవద్దు. నాటు మందుకు, మంత్రానికి సమయం పోగొట్టవద్దు. ధైర్యం చెప్పి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, నడిపించకుండా విషం విరుగుడు మందు ఉండే ప్రభుత్వ ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్ళాలి. 108కి ఫోన్ చేయాలి.

• పామును చంపి ఆసుపత్రికి తేవాల్సిన పనిలేదు. చంపబోయి ఇంకొకరు కాటుకు గురవుతారు. మన దేశంలో వాడే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ కలిపి తయారుచేసిందే.

రసెల్ పుస్తకం అచ్చయి రెండు వందల ఏళ్ళు దాటిపోయింది. ఆయనకు పాముల్ని పట్టి తెచ్చిచ్చిందీ, పేర్లు చెప్పిందీ ఈ నేల జనమే. ఆ జనం పేర్లు ఏ పుస్తకంలోనూ పెద్దగా కనిపించవు. ఈ రోజు ఆ జనం పిల్లలమే మనం జువాలజీ, బోటనీ చదువుతున్నాం. కిన్నెరసాని, పాపికొండల అడవులు మన గుమ్మం ముందే ఉన్నాయి. ఆ మట్టిలో ఏమేమి బతుకుతున్నాయో రాసే పని ఇక బయటివాళ్ళకే వదిలేయనక్కరలేదు. ఇంటర్‌లో బైపీసీ తీసుకున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. కనిపించిన ప్రతి ప్రాణి గురించి తేదీ, చోటు, రూపం, మీ ఊళ్ళో దాన్ని పిలిచే పేరు రాయండి. ఫోన్ ఉంటే దూరం నుంచి ఒక ఫోటో తీసి, మీ లెక్చరర్‌కు చూపించండి.

ఈసారి రాయి కింద నుంచి కాళ్ళులేని ప్రాణి ఏదైనా బయటికొస్తే, ఎవరైనా "పాము" అని అరిస్తే, ముందు రెండడుగులు వెనక్కి వేయండి. పక్కవాళ్ళను కూడా వెనక్కి లాగండి. తర్వాత కర్ర ఎత్తినవాళ్ళను ఒక్క ప్రశ్న అడగండి: "అది పామేనని నీకెలా తెలిసింది?"